తేదీ లేని కాగితం

కయాంబే ఊరి గులాబీ తోట గేటు ముందు, ఐదు నెలల కడుపును శాలువాలో పొదువుకుని, ఆమె మేస్త్రీకి అడ్డంగా నిలబడింది. ఆమె పెద్దకూతురికి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలిచింది అతడే.

"అన్నా, నేనెప్పుడు రాజీనామా చేశాను?"

"చేరిన రోజు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టావుగా చెల్లీ. అందరం పెట్టిందే."

"నువ్వు పెట్టమంటేనే పెట్టాను. కడుపుతో ఉన్నదాన్ని తీసెయ్యకూడదని చట్టముందట."

"తీసెయ్యలేదుగా. నువ్వే మానేసినట్టు రాశారు."

"రాశారా? ఆ కాగితం మీద తేదీ నీ చేతిరాత."

అతడు టోపీ తీసి నలిపాడు.

"నీచేత బరువులు ఎత్తించొద్దనే కడుపు సంగతి ఆఫీసులో చెప్పాను. ఇలా చేస్తారనుకోలేదు. రాయమన్నారు. నేను సంతకం పెట్టిన కాగితమూ వాళ్ళ సొరుగులోనే ఉంది చెల్లీ."

"కడుపు సంగతి ముందు నీకే ఎందుకు చెప్పానో తెలుసా?"

"ఎందుకు?"

"ఈ బిడ్డకూ నిన్నే జ్ఞానతండ్రిగా ఉండమని అడుగుదామని."