నిన్నటి కారం

దీనమ్మని మీరెరగరు, మీరప్పటికి గౌన్లేసుకుని తిరగతన్నారు. కొయ్యండి కొయ్యండి, చేతులు కాయ మీద ఉండాల, చెవులు నా మీద ఉండాల. దీనమ్మంటే యోహాను పెళ్లాం. పెళ్లయిన ఏడేళ్లకి కడుపు నిలిచిందనుకో, ఇంక దాని మొహం చూడాల. ఎనిమిదో నెల్లో కూడా మిరప కోతలకొచ్చేది. వద్దే అంటే, ఇంట్లో పొద్దుపోదు అత్తా అనేది. కోతల ముఠా నాదిగా, అందరికీ నేను అత్తనే. మన సంగతి మీకు చెప్పాలా, మిరప చేలో చాటెక్కడుంది? నడుమెత్తు చెట్లు, గట్టు మీద ఆసామి. అందుకని తెల్లారి తాగిన నీళ్లే, మళ్లా పొద్దుగూకాకే. కడుపుతో ఉన్నది కూడా అంతే చేసింది. మధ్యలో లేస్తే తన సాలు వరస కోత పక్కదాని మీద పడుద్దని బిందె దిక్కే చూసేది కాదు.

ఏమైందంటే, ఒకరోజు ఒంటేలుకి పోతే మంటగా ఉందత్తా అంది. పదిమందిమీ నవ్వాం. మిరప చేతులతో కోక ఎత్తుకుంటే మండక చల్లగుంటదా అన్నాం. మీకెవరికీ కాలేదా ఈ మంట? కొబ్బరినూనె రాసుకోమన్నా. అదీ నవ్వింది. వారం పోయింది, మంట పోలా. మాటిమాటికీ వచ్చినట్టుంటదంట, పోతే రెండు చుక్కలేనంట. నడుం పక్కన పోటంట. నెలలు నిండేకొద్దీ అంతేలే అన్నా. ఆదివారం కోతల్లేవు. ప్రార్థనకి పోయొచ్చి మా గుమ్మంలో కూర్చుంది.

"అత్తా, ఇయ్యాల కాయ ముట్టుకోలా. అయినా మంటే."

నేనేమన్నానో తెలుసా? నిన్నటి కారంలేవే అన్నా. అన్నది ఈ నోరే. అది చెప్పాల్సింది చెప్పింది, నాకే వినపడలా.

మంగళవారానికి చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకుంటన్నాయంట. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయేలోపే నొప్పులొచ్చినయ్యంట. అక్కడ డాక్టరమ్మ ఒంటేలు పరీక్ష చేయించి, ఇన్‌ఫెక్షను మూత్రపిండాల దాకా ఎక్కింది, మంట మొదలైనప్పుడే వస్తే మాత్రలతో పోయేది కదమ్మా అందంట. దీనమ్మ బతికింది. బిడ్డ ఒక్క పూటే ఉంది. ఆడపిల్ల. యోహాను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు, నేను చూశా, గోళ్లు కూడా వచ్చినయ్యి.

మరుసటేడు కోతలకొచ్చింది దీనమ్మ. నా పక్క సాలే పట్టింది. సాయంత్రం బోరు కాడ చేతులు కడుక్కునేది. మేమంతా బాటెక్కి వెనక్కి చూస్తే ఇంకా కడుగుతానే ఉండేది.

సరే, అదీ కథ. ఇదిగో రూతమ్మా, నీకు ఏడో నెలగా. పొద్దున్నుంచి చూస్తన్నా, నీళ్లు ముట్టలా నువ్వు. లెగు, తాగు. ఒంటేలొస్తే గట్టవతలకి పో, కాయ పోసే పట్టా ఇద్దరు అడ్డం పట్టుకోండే. ఆసామి అరిస్తే అరవనీ. నీ సాలు నేను కోస్తా.