ఈదమ్మ బదులిచ్చిన నిప్పు

ఓదెలని ఒకాయన ఉండె. కరెంటు కంపెనీల బాయిలరు కాడ పని. బాయిలరంటే బొగ్గు మండే పే...ద్ద పొయ్యి అనుకో. ఆ పొయ్యి కట్టినప్పుడు సారోళ్లు తామే ముట్టిచ్చుకుంటమన్నరంట. మనోళ్లు ఒప్పుకోలే. భూములిచ్చినోళ్లం మేము, మా ఊరి అమ్మోరు ఈదమ్మ దీపం నిప్పుతోనే ముట్టియ్యాలె అన్నరు. అప్పుడు ఓదెలు పడుచు పిలగాడు, గుడి కాడికెల్లి కుండల నిప్పు వట్టుకొని పోయిండు. ఈదమ్మకు పూజ చేసే కుమ్మరి అంకవ్వ ఏమన్నదంటే, 'ఒరే ఓదెలూ, ఇది బదులురా. పక్కింట్లకెల్లి పొయ్యిల నిప్పు బదులు తెచ్చుకున్నట్టే. పనైనంక మళ్ల తెచ్చియ్యాలె. అందాక నేను అమ్మోరికి దీపం పెట్ట' అన్నది. సరే అవ్వా అని చేతిల చెయ్యేసి మాటిచ్చిండు.

అగో, ఆ మాట మీదనే గడిచింది కాలమంత. ఏం రోజులే అవి! కంపెనీ కూత పెడితే ఎసరు పెట్టుడు, ఇంకో కూతకు సద్ది కట్టుడు. దండెం మీద తెల్లంగి ఆరేస్తే బూడిదంగి అయ్యి దిగేది. తిట్టుకుంటనే దులుపుకుంటుంటిమి. చలికాలమైతే కంపెనీ వదిలే కాలువల గోరువెచ్చటి నీళ్లు, ఆడోళ్లు బట్టలు పిండుకుంట ముచ్చట్లు, ఇంటికి పోబుద్దే కాకపోయేది. మరి మధ్యల రిపేర్లకు పొయ్యి ఆపలేదా అంటే ఆపిండ్రు. దాని పక్కకు ఇంకో పొయ్యి సుత కట్టిండ్రు గదా, దీంట్లకెల్లి దాంట్లకు, దాంట్లకెల్లి దీంట్లకు నిప్పు మారుస్తుండె ఓదెలు. పెండ్లాం బుచ్చవ్వకు జరమొచ్చినా అంత సూసుకోకపోయేటోడంట. 'నాకు సవితి కంపెనీల ఉన్నది' అని ఆమెనే అంటుండె.

ఏమైందంటే, కంపెనీ ముసల్దైంది. ఒక పొయ్యి ముందే ఆపిండ్రు, రెండోది సుత ఆపుతమన్నరు. ఇగ బొగ్గు లేదు పొగ లేదు, కంపెనీ బూడిద పోసే చెరువు మీద అద్దాల పలకలేస్తం, ఎండతోనే కరెంటొస్తది అన్నరు. మంచిదే గదా, పోరగాండ్లకు దగ్గన్న తగ్గుతది అన్నరు ఊరోళ్లు. ఓదెలుకు మాత్రం అంకవ్వ యాదికొచ్చె. పొయ్యి సల్లారితే అమ్మోరి నిప్పు పాయె, ఇచ్చిన మాట పాయె. సారు కాడికి పోయి కుండెడు నిప్పియ్యుండ్రి సారూ అన్నడు. ఆ సారు మంచోడే గని, 'ఓదెలన్నా, నూనె ట్యాంకుల పక్కపొంటి నిప్పు తీస్కపోతవా? గేటు దాటనిస్తే నా నౌకరి ఉంటదా?' అన్నడు.

ఆఖరి దినం. బొగ్గు పోసుడు బందయ్యింది, లోపట మంట తగ్గుతున్నది. ఓదెలు ఏం చేసిండు? గుడ్డ సుట్టిన సలాకను పొయ్యి కంతల వెట్టి మంట తీసిండు, ఆ మంటకు బీడీ ముట్టిచ్చి నోట్ల వెట్టుకొని గేటు దిక్కు నడిచిండు. నవ్వకుండ్రి, ఇంకేం దొరికింది ఆయనకు! గేటు కాడ కావలుండే రాజలింగు, ఓదెలుకు అల్లుడి వరుస, సూసి మీదికొచ్చిండు. 'మామా, లోపట బీడీ తాగుతవా? పిచ్చి లేసిందా? నడువ్ బయిటికి!' అని రెక్క వట్టి గేటవతలకు నూకిండంట. నిప్పు గేటు దాటకుండ సూసేటోడే దాటిచ్చె! ఇగ ఒక బీడీ ఒడుస్తుంటే ఇంకోటి, అది ఒడుస్తుంటే ఇంకోటి ముట్టిచ్చుకుంట, దగ్గుకుంట ఉరికిండు. ఈదమ్మ గుడి కాడికొచ్చేసరికి కట్ట ఒడిసింది. వేళ్ల నడుమ ఆఖరి పీక. అప్పుడే బుచ్చవ్వ ఎదురొచ్చి, 'థూ! అమ్మోరికి ఎంగిలి నిప్పు పెడతవా? కండ్లు పోతయి!' అన్నది. ఓదెలు చెయ్యి ఆడనే ఆగిపోయింది. ఎంగిలి మాటే యాదికి రాలే ఆయనకు. గింత దూరం తెచ్చి గిట్లాయెనా అని కండ్ల నీళ్లు తీసిండు. వేళ్లు కాలుతున్నయి, ఇడిచిపెట్టడు. దీపానికి ముట్టియ్యడు.

అంకవ్వ అప్పటికి నడుము వంగిన ముసల్ది. కూసున్న కాడికెల్లి లేవకుండనే, 'ఓ బుచ్చీ, ఈదమ్మ కల్లు తాగదా? యాటపోతును తినదా? ఒక్క బీడీ గుంజితే ఏమైతది? గా పిలగాని వేళ్లు కాలుతున్నయే, ముందు కొబ్బరిపీచు తేపో!' అన్నది. తలంత నెరిసినాయనను పిలగాడన్నది సూడు. బుచ్చవ్వనే పీచుల నిప్పు వెట్టి ఊదింది, ఊదిందే నోటితోటి! వత్తి అంటుకున్నది. ఓదెలు వేళ్లు నోట్ల పెట్టుకొని దాన్నే సూసుకుంట కూసున్నడు. అవుతల పొగగొట్టం మీద పొగ సన్నగై, సన్నగై, లేకుండ పాయె.

ఇప్పుడు బోనాలకు పోయి సూడుండ్రి, కల్లు సాక పోసి, ఆ పక్కన ఈదమ్మకు బీడీ కట్ట పెడతరు. ఎందుకే అంటే కొత్త కోడండ్లకు తెల్వది, మా అత్త పెట్టింది నేను పెడుతున్న అంటరు. నాకైతే తెలుసు, చెప్పిన. గా కట్టలు తెల్లారేసరికి యాడికి పోతున్నయో, అది మాత్రం నన్నడుగకుండ్రి.