నాయన కారుకు వేడి జబ్బు

(చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి కనుమ. అక్క కూతురి పెండ్లికి బయలుదేరిన ధనశేఖర్ పాత కారు బానెట్ పైకెత్తుకుని రోడ్డు పక్కన అలిగి నిలబడింది. పక్కన ఆయన భార్య ప్రసన్నకుమారి. నిజం చెప్పాలంటే కారు కన్నా మనుషులే ఎక్కువ వేడి మీద ఉన్నారు.)

"వేడి! ఇది ముమ్మాటికీ వేడే, ప్రసన్నా. రొంత సల్లబడితే అదే కదుల్తాది."

"బంగారుపాళ్యంలో కూడా ఇదే మాట సెప్పినావు."

"ఆడ సల్లబడినాక కదిలినాదా, లేదా?"

"కదిలినాది. ఈడికొచ్చి మళ్ళా ఆగినాది."

"మళ్ళా వేడెక్కినాది గాబట్టి ఆగినాది! ఆ నీళ్ళ బాటిలు ఇట్లియ్యి."

"యాడుండాయి నీళ్ళు? అన్నీ దానికే తాపినావు."

"మజ్జిగ ఉండాదా?"

"ఇంజనుకు మజ్జిగా?"

"నాకు మే! నోరెండిపోతాంది."

"ఫోను మోగతాంది సూడు. మీ అక్క."

"ఎత్తొద్దు! సరే, ఎత్తు. వచ్చేసినామని సెప్పు."

"అలో, జ్ఞానాంబొదినా... ఆ, వచ్చేసినాం... లేదు లేదు, యాడా ఆగలేదు... ఏందీ? అట్లనా? సరే వదినా, సరే."

"ఏమంటాంది?"

"లోహిత గౌరీపూజ అయిపోవస్తాందంట. ఇంగ గంపలో కూసోబెట్టి మండపంలోకి ఎత్తుకురావాల. నువ్వు టయానికి రాకుంటే మీ బావ తమ్ముడు సునీల్‌కుమార్ ఎత్తుతాడంట."

"ఎవురూ? వాడా? మేనమామ నేను బతికుండంగా గంప వాడెత్తేదా?"

"ఆ మాట నాకు కాదు, నీ కారుకు సెప్పు. బస్సులో పోదామంటే ఇన్నావా?"

"ఎట్ల ఇంటా? 'నీ డొక్కు కారు పెండ్లికి కాదు, పాత ఇనప అంగడికి తోలుకో' అని బావ నలుగురిలో అన్లేదా? మా నాయన మా అక్కను అత్తగారింటికి సాగనంపింది దీంట్లోనే. దీంట్లోనే దిగాల నేను. లోహితను పుట్టినప్పుడు ఎత్తుకున్న సేతులు మే ఇవి. ఈ పొద్దు ఇంకొకడు ఎత్తుకుంటే నేను తట్టుకోలేను."

"ఏడుస్తాండావా?"

"సెమట."

"కాయిల్ మార్చినావు, పంపు మార్చినావు, రేడియేటరు మార్చినావు. ఇంగ మార్చాల్సింది డ్రైవర్నే."

"తడిగుడ్డ! పంపు మీద తడిగుడ్డ సుడితే టక్కున కదుల్తాది. నీ పట్టుచీర కొంగు..."

"కొంగు మీద సెయ్యేసినావంటే మీ అక్కింటికి కాదు, మా అమ్మింటికి పోతా."

"అయితే నా పంచె."

"అయ్యో అయ్యో! పెండ్లికి కట్టుకున్న పంచె! నడిరోడ్డు మీద ఇప్పుతావా? బస్సులో వాళ్ళు సూస్తాండారయ్యా!"

"సూడనీ. కింద నిక్కరుండాది. దేంతో తడపాల? ఆ తాంబూలం సంచిలో టెంకాయ తియ్యి. ఇదిగో స్క్రూడ్రైవరు, కన్ను పొడువు."

"దేవుడా! పొడిసినా. నీళ్ళు రాలేదే?"

"ఇంకో కన్ను కూడా పొడువు మే! లోపలికి గాలి పోతేనే గదా నీళ్ళు బయటికొచ్చేది. ఇంత వయసొచ్చినా ఇది కూడా తెలీదా?"

"వచ్చినాయి, వచ్చినాయి. పట్టుకో. ఇంజనుకు అభిషేకం సెయ్యి."

"నేను పంచె సుడతా. నువ్వు ఎనక్కి పోయి మూత తీసి, పెట్రోలు ఎంతుండాదో సూడు."

"బంగారుపాళ్యంలో సూసినావు గదా?"

"సూడమంటే సూడు!"

"అమ్మా! ఇదేందయ్యా, మూత తిప్పంగానే ఉస్సుమని గాలి లోపలికి గుంజుకుంటాంది?"

"అది దాని సొభావం."

"అవునూ, అప్పుడు కూడా నువ్వు మూత తీసి సూసినాకనే బండి కదిలినాది."

"సల్లబడి కదిలినాది! నడమ మూతేం సేసింది?"

"మూతకు ఈ సన్న బొక్క ఎందుకుండాది?"

"ఏదో ఉండాదిలే. దాని జోలికి పోవద్దు."

"సరేలే, పోను."

"ఏం గీకుతాండావాడ?"

"ఏం లేదు. మూత మీది బొట్టు తుడస్తాండా."

"దేంతో?"

"పిన్నుతో."

"పిన్నుతో బొట్టు తుడిసేదేంది?"

"ఎండిపోయినాదిలే! పంచె సుట్టినావా? పోయి తాళం తిప్పు."

"...ఆహా! ఇన్నావా? ఇన్నావా మే? ఒకే దెబ్బ!"

"ఇన్నాలే. ఎక్కినా, పోనీ."

"సూడు, కనుమ దాటేసినాం. ఒక్క దగ్గు కూడా దగ్గలేదు."

"ఊ."

"చిత్తూరు మెకానిక్కులందరికీ అంతుపట్టని జబ్బు. పట్టినదెవరు? నేను. కుదిర్చినదేంది? నా పంచె."

"ఊ."

"ఏంది ఊ? అదిగో, పలమనేరు వచ్చేసినాది. గంప నాదే! పెండ్లి కానీ, రేపే బావను కాణిపాకం తోలుకపోతా. వినాయకుని ముందర ప్రమాణం సేస్తా. నాయన కారుకుండేది వేడి జబ్బే, తడిగుడ్డతోనే కుదిరినాదని."

"ప్రమాణమొద్దు."

"ఎందుకొద్దు?"

"కాణిపాకంలో మాత్రం వద్దయ్యా. పెండ్లిలో ఎన్ని కోతలు కోసుకుంటావో కోసుకో, నేను కూడా తలూపుతా. ఆడ మాత్రం వద్దు. దొంగ ప్రమాణం సేసినోళ్ళను ఆ సామి వదిలిపెట్టడు. నీకేమన్నా అయితే నేను బతకలేను."

"దొంగ ప్రమాణమా?"

"నువ్వు ముందు సూసి నడుపు. సెప్తా. ఇంజనుకు ఏ జబ్బూ లేదు. శుక్రవారం శుక్రవారం కారుకు పసుపు పూసి బొట్టు పెడతా గదా, ఆ పసుపంతా పోయి మూత బొక్కలో గడ్డ కట్టినాది. లోపలికి గాలి పోలా, పెట్రోలు రాలా. ఒంటికన్ను పొడిసిన టెంకాయ మాదిరే. నేను పిన్నుతో గీకితే కదిలినాది. తప్పు నాదే, తిట్టు. ఏమయ్యా? తిట్టవేంది?"

"పసుపొకటే వచ్చినాదా?"

"అంటే?"

"దాని అడుగున సబ్బు తగల్లేదా మే? పెట్రోలు వాసనకు నీకు కడుపులో తిప్పుతాందని, ఉగాది నాడు ఆ బొక్కలో బట్టల సబ్బు కుక్కినా."