క్లైడ్ తుపాకీ ఒక్కటి

ఒహాయో నది ఒడ్డున ఒక చిన్న ఊరు. కౌన్సిల్ హాలు వెనక గదిలో మేయరు వెర్నన్, కౌన్సిల్ సభ్యురాలు లొరేటా. హాల్లో జనం నిండిపోయారు.

"కాఫీ వద్దు వెర్నన్. కాఫీ పోసి ఓటడగడం నీకు హైస్కూలు నుంచీ ఉన్న జబ్బే."

"హైస్కూల్లో నేనడిగింది ఓటు కాదు తల్లీ, డాన్సు. కాదన్నావు. వెళ్ళి క్లైడ్‌తో ఆడావు."

"క్లైడ్ మాట ఎత్తకు."

"నేనెత్తకపోతే మాత్రం? హాల్లో కూర్చున్నవాళ్ళందరి నోట్లోనూ అదే మాట. పోలీసుల పాత తుపాకులు అమ్మాలని ఇద్దరం, కరిగించాలని ఇద్దరు. మధ్యలో ఐదో ఓటు నీది, చనిపోయిన పోలీసు క్లైడ్ పెళ్ళానిది."

"అమ్మాలనే ఇద్దరెవరు? నువ్వూ, వేట సామాన్ల కొట్టు పెట్టుకున్న బాయిడూ."

"కరిగించాలనే వాళ్ళేమన్నా గొప్పవాళ్ళా? పాస్టరు ఒకడు, చెవుడు గ్లాడిస్ ఒకతె. పోయినసారి గ్లాడిస్ వీధి దీపాల గురించి అనుకుని చెయ్యెత్తింది. పాస్టరేమో బైబిల్లో చెప్పినట్టు వాటిని కరిగించి నాగటి కర్రులు చేయిస్తాడట. దున్నేవాడెవడో చెప్పమను."

"నవ్వులాట కాదిది."

"నేను నవ్వట్లేదు. పోలీసులకి కొత్త పిస్తోళ్ళు కావాలి. పాతవిస్తే డీలరు కొత్తవిస్తాడు. పాత ఫ్రిజ్ ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం లాంటిదే. మా నాన్న మేయరుగా ఉన్నప్పుడూ ఇదే పద్ధతి."

"పాత ఫ్రిజ్ ఎవడింటికి పోయినా పాలే చల్లబెడుతుంది. ఇవి ఎవడింటికి పోతాయి?"

"చట్టప్రకారం ఎవడు కొనుక్కుంటే వాడింటికి."

"యోలాండా కూతుర్ని చంపినవాడు కొనుక్కున్నట్టు. అది మన పోలీసులు నడుముకి కట్టుకుని తిరిగిన తుపాకీ. పోయినసారి డీలరుకి అప్పగించామే, ఆ పాతవాటిల్లోది. కోర్టులో ఒప్పుకున్నారుగా."

"యోలాండాది మన ఊరు కాదు. ఏటికి అవతల."

"అయితే?"

"అయితే ఏముంది. ఇక్కడ ఓటు లేదంటున్నా."

"పదిహేడేళ్ళ పిల్ల, వెర్నన్. పెట్రోలు బంకులో చిల్లర లెక్కపెడుతున్న పిల్ల."

"తెలుసు. ప్రతి మీటింగుకీ ఆ తల్లి పిల్ల ఫోటో ఒళ్ళో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంటోందిగా. పిల్ల చక్కగా ఉంది కాబట్టి టీవీ వాళ్ళొచ్చారు. పళ్ళు ఎత్తుగా ఉంటే ఎవడూ వచ్చేవాడు కాదు."

"నీ నోరు పడిపోను."

"పడుతుందిలే, ఎన్నికలయ్యాక. ముందు నువ్వు చెప్పు. నీకేం కావాలి?"

"అన్నీ కరిగించాలి."

"అది యోలాండాకి కావలసింది. నిన్ను అడుగుతున్నా నేను. నే చెప్పనా? నీకు కావలసింది ఒక్కటే తుపాకీ."

"డ్వేన్ చెప్పాడా?"

"పోలీసు చీఫ్ అన్నాక మేయరుకి చెప్పకుండా ఉంటాడా? సమాధి దగ్గర నీ చెయ్యి పట్టుకుని మాటిచ్చాడట. క్లైడ్ తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేస్తాను, ఇంకొకడి నడుముకి కట్టను అని."

"ఇచ్చాడు. ఆరేళ్ళుగా దాన్ని తలుచుకోకుండా నిద్రపోయిన రోజు లేదు. ఎవడి చేతిలోకీ పోలేదు, బీరువాలో ఉంది అనుకుంటేనే కన్ను మూతపడుతుంది నాకు. ఇవాళ అన్నిటితో పాటు అదీ కరిగిపోతుంది. పీడ వదులుతుంది."

"కరిగించడానికి ఓటేస్తే, బాయిడ్ లేచి మాట్లాడతాడు."

"మాట్లాడనీ. తుపాకులమ్ముకునే వాడు ఇంకేం మాట్లాడతాడు?"

"తుపాకుల గురించి కాదు. ఆ రోజు ఊరి అంబులెన్సులో సాయానికి వచ్చింది బాయిడే. మరిచిపోయావా? గరాజు తలుపు పగలగొట్టింది వాడే."

"వెర్నన్."

"తుపాకీ శుభ్రం చేసుకుంటుంటే పేలిందని రాశాం. నేను, డ్వేన్, బాయిడ్, డాక్టరు, నలుగురం కూర్చుని రాశాం. తెల్లవారుజామున లేచి, గరాజులోకి పోయి, లోపల గడియ పెట్టుకుని తుపాకీ శుభ్రం చేసుకునేవాణ్ణి నేనింకొకణ్ణి చూళ్ళేదు లొరేటా. అయినా అలాగే రాశాం. అలా రాశాం కాబట్టే నీకు పెన్షను వచ్చింది. పోలీసు స్టేషను ముందు డ్యూటీలో పోయినవాళ్ళ రాతి మీద క్లైడ్ పేరెక్కింది. నీ మనవడు ప్రతి మే నెలలోనూ అమరుల రోజున వచ్చి ఆ రాతి దగ్గర జెండా గుచ్చుతున్నాడు."

"పిల్లవాడి ఊసెందుకు?"

"బాయిడ్‌కి ఆ జ్ఞానం ఉండదనే నా భయం. ఆవిడకి తుపాకీ అంటే ఎందుకు పడదో చెప్పమంటారా అని మొదలెడితే, నేను మాత్రం ఏం ఆపగలను?"

"ఆపగలవు. వాణ్ణి ఉసిగొలిపేదీ నువ్వే, ఆపేదీ నువ్వే."

"సరే, ఆపుతాను. నువ్వు మాతో చెయ్యెత్తు. తక్కినవన్నీ డీలరుకి పోతాయి. క్లైడ్‌ది ఒక్కటి తీసి, రేపు పొద్దున్నే ఫౌండ్రీలో కరిగిస్తాం. హాల్లో అందరి ముందూ నేనే చెప్తాను, టోపీ తీసి మరీ. నీ పని అయిపోతుంది, పరువు మిగులుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?"

"ఆవిడ ముఖం ఎలా చూడను?"

"చూడకు. గోడ మీద గడియారం చూడు. నేనదే చూస్తాను."

"ఒక్కటే అడుగుతున్నా. అది బీరువాలో ఉన్నట్టేగా?"

"ఇంకెక్కడికి పోతుంది? పద, జనం ఎదురుచూస్తున్నారు. కాఫీ చల్లారిపోయింది, ఇంకొకటి పొయ్యమంటావా?"

ఓటు అయిపోయింది. పోలీసు చీఫ్ డ్వేన్ గదిలోకి లొరేటా వచ్చింది.

"బీరువా తియ్యి డ్వేన్."

"ముందు కూర్చో లొరేటా. ముఖం సున్నం కొట్టినట్టుంది."

"కూర్చోను. చెయ్యెత్తాను, మీరు గెలిచారు. నాది నాకు చూపించు."

"వెర్నన్ బాగా మాట్లాడాడు కదూ? మన క్లైడ్ గౌరవార్థం ఆయన తుపాకీ ఒక్కటి అగ్నికి అప్పగిస్తున్నాం అన్నప్పుడు, జనమంతా లేచి నిలబడ్డారు. బాయిడ్ కళ్ళు తుడుచుకున్నాడు."

"యోలాండా కూడా లేచింది."

"నేను చూళ్ళేదు."

"నేను చూశాను. ఫోటో ఒక చేత్తో గుండెకి పట్టుకుని, రెండో చేత్తో కుర్చీ ఆనుకుని లేచింది. చప్పట్లు కొట్టడానికి ఆవిడకి చెయ్యి లేదు. తియ్యి బీరువా."

"తాళంచెవి ఇంట్లో మరిచిపోయాను. రేపు ఫౌండ్రీకి ఎలాగూ తెస్తాగా, అక్కడే చూద్దువుగాని."

"నీ నడుముకి వేలాడుతున్నదేమిటి?"

"ఇది... ఇది లాకప్పుది."

"పద్నాలుగేళ్ళు నువ్వూ క్లైడూ ఒకే కార్లో తిరిగారు. ఆదివారం ఆదివారం నా వంటింట్లో కూర్చుని తిన్నావు. అబద్ధమాడితే నీ చెవులెర్రబడతాయని నాకు తెలుసు."

"చలికి."

"తియ్యి."

"అందులో లేదు."

"ఏది లేదు?"

"క్లైడ్‌ది. ఆ బీరువాలో లేదు."

"మరి సమాధి దగ్గర..."

"సమాధి దగ్గర నిజమే చెప్పాను. ఆ రోజు ఇందులోనే ఉంది. తర్వాత... మావాళ్ళ సంగతి నీకు తెలుసుగా లొరేటా. చచ్చినవాడి తుపాకీ ఎవడూ కట్టుకోడు. కొత్తగా చేరినవాడికిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అది లోపల ఉందని ఈ గదిలోకి రావడానికే జంకేవాళ్ళు. ఆ వేసవిలో డీలరు బండి వచ్చింది."

"అందులో వేశావు."

"అన్నిటితో పాటు. ఒకటి తక్కువిస్తే కొత్తది ఒకటి తక్కువిస్తానన్నాడు."

"సమాధి మీద మట్టి ఆరలేదు డ్వేన్."

"తప్పే. కాదన్నానా? నీకు చెబుదామని రెండుసార్లు మీ ఇంటిదాకా వచ్చాను కూడా. రెండుసార్లూ నువ్వు భోజనం పెట్టావు."

"తిని పోయావు."

"తిని పోయాను."

"ఇప్పుడు ఇంతమంది ముందు కరిగిస్తానన్నారే, ఏది కరిగిస్తారు?"

"ఏదో ఒకటి. కరిగాక అన్నీ ఒక్కటే కదా."

"వెర్నన్‌కి తెలుసా?"

"ఓటు అయ్యేదాకా నోరెత్తకు అన్నాడు. నాకింకా పెన్షను రాలేదు లొరేటా. నీకొచ్చింది."

"జరుగు. హాల్లోకి పోతాను. మళ్ళీ ఓటు పెట్టమంటాను."

"ఆగు, ఆగు. బాయిడ్ ఊరుకుంటాడా?"

"ఊరుకోకపోతే పోనీ. క్లైడ్ ఎలా పోయాడో వాడు చెప్పడమెందుకు, నేనే చెప్తాను. పెన్షను మీరే తీసుకోండి. రాతి మీద పేరు చెరిపేసుకోండి. మనవడికి నేనే చెప్పుకుంటాను. ఇంకేముంది మీ చేతిలో నన్ను భయపెట్టడానికి? జరుగు డ్వేన్."

"వెళ్ళకు. నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి! ఆ మాట అనడానికి కూడా మీ చెవులెర్రబడవేం?"

"యోలాండా కూతురు..."

"ఆ పిల్లకేం?"

"ఆ పిల్లని కాల్చిన తుపాకీ ఆ వేసవి బండిలోదే."

"తెలుసు. ఊరంతటికీ తెలుసు. ఆ బండిలో వెళ్ళినవాటిల్లో ఏదైనా కావచ్చు, ఎవడి నడుముదో చెప్పలేను అని కోర్టులో నువ్వే అన్నావు."

"కోర్టులో అలాగే అన్నాను."

"డ్వేన్?"

"రాష్ట్రం పోలీసులు దాని నంబరు పంపారు. ఫోన్లో చదువుతుంటే సగంలోనే తెలిసిపోయింది నాకు. పద్నాలుగేళ్ళు పక్క సీట్లో ఉన్న తుపాకీ."

"వద్దు. చెప్పకు."

"నువ్వే అడిగావు."

"అడగలేదు. నేనేం అడగలేదు."

"క్లైడ్‌దే, లొరేటా."

"అబద్ధం. వెళ్ళనివ్వకుండా చెయ్యడానికి అంటున్నావు. నీ చెవులు చూడనీ."

"చూడు."

"దేవుడా."

"ఈ సంగతి నాకూ వెర్నన్‌కీ తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు నీకు. పోతావా హాల్లోకి? పోయి, మా ఆయనని చంపిందే మీ పిల్లనీ చంపిందమ్మా, అలాంటివే ఇంకా అమ్మమని ఇందాక నేనే చెయ్యెత్తాను అని చెప్తావా? పో. అడ్డు తప్పుకుంటాను. అదిగో తలుపు."

"వెర్నన్‌కి ఇదీ తెలిసే... ఇందాక కాఫీ పోస్తూ..."

"చివరిదాకా వస్తే ఇది కూడా చెప్పెయ్యి అన్నాడు. తెలిశాక ఆవిడ గడప దాటదు, నాకు తెలుసు అన్నాడు."

"నేను దాటుతాను."

"దాటు మరి."

"దాటుతాను. కాస్త... కాస్త ఊపిరి తీసుకోనీ."

"తీసుకో. ఎవరో తలుపు తడుతున్నారు."

"తియ్యకు డ్వేన్."

"వేసి లేదమ్మా, ఓరగా తెరిచే ఉంది. నేను యోలాండాని. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను, బస్సుకి టైమవుతోంది."

"యోలాండా గారూ, నేను..."

"మీరేం చెప్పక్కర్లేదు. మీ మీద నాకు కోపం లేదని చెప్దామనే వచ్చాను. చెయ్యెత్తినప్పుడు మీరు గోడ మీద గడియారం వైపే చూడడం చూశాను. ఏం చేస్తారు మీరు మాత్రం? మీ ఆయనని తీసుకుపోయిన దాన్ని పట్టుకోవాలనుకున్నారు. నా ఇమానీ పోయినప్పుడు నేనూ అంతే. లోకంలో ఉన్న తుపాకులన్నీ ఏమైపోయినా సరే, ఆ ఒక్కటి నా కళ్ళ ముందు బూడిదైపోతే చాలనుకున్నాను. సాక్ష్యం సాక్ష్యం అని కోర్టువాళ్ళు దాన్ని ఎక్కడ దాచారో కూడా చెప్పరు నాకు. మీరు అదృష్టవంతులు, మీది మీకు దొరికింది."

"కూర్చోండి యోలాండా గారూ. మీతో ఒక సంగతి..."

"కూర్చుంటే బస్సు పోతుంది. ఒక్కటి అడగనా? కాదంటే ఏమీ అనుకోను. రేపు ఫౌండ్రీకి నేనూ రావచ్చా? మీ పక్కన నిలబడతాను, అంతే. నా పిల్లది కాకపోయినా, ఒక్కటైనా కరిగిపోవడం చూస్తే నాకు కొంచెం నిద్ర పడుతుందేమో. అదేంటి, అలా చూస్తారు? అడగకూడనిది అడిగానా?"

"లేదు. లేదమ్మా. రేపు రండి, నా పక్కనే నిలబడండి. క్లైడ్ తుపాకీ ఏదో, డ్వేన్ మనకి చూపిస్తాడు."