కాంపౌండరు డబ్బాలో లేపనం

చర్మవ్యాధుల ఆస్పత్రి ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర కాంపౌండరు గ్లాసు అందుకున్నాడంటే, ఇక వినేవాళ్ళ టీ చల్లారిపోవాల్సిందే. ఆ రోజు బల్ల చివర ఇస్త్రీ అక్క కూర్చుంది. ఇస్త్రీపెట్టె ఆవిరి కొట్టి ఆమె చెంప కమిలింది. పుండు మానింది గానీ నల్లమచ్చ ఉండిపోయింది. మూడు నెలలుగా మందు రాస్తోంది, స్కార్ఫు విప్పకుండా తిరుగుతోంది. అద్దంలో ఏ మార్పూ కనబడక, ఇవాళ్టితో వైద్యం మానేద్దామనుకుని వచ్చింది.

"రొట్టెల బట్టీ ఆయన చేతిమీద ఇంత కాలిన మచ్చండీ!" అని మొదలెట్టాడు కాంపౌండరు. " డాక్టరుగారు ఊళ్ళో లేరు. నా సొంత డబ్బాలోంచి చిటికెడు లేపనం తీసి రాశాను, తెల్లారేసరికి మచ్చ మాయం! పోనీ అక్కడితో మందు ఊరుకుందా? పక్కనున్న పుట్టుమచ్చని మింగింది, చిన్నప్పటి టీకా మచ్చని మింగింది, ఆఖరికి వేలిముద్రలు కూడా చెరిపేసింది! ఆఫీసులో వేలిముద్ర వెయ్యమంటే కాగితం మీద ఒట్టి సిరా చుక్క! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అంది అక్క, ముందుకి వంగి.

"జంతుప్రదర్శనశాల వాళ్ళు చిరుతపులిని తోలుకొచ్చారు! వీపుమీద దెబ్బ తాలూకు మచ్చ. ఒక్క వేలితో అలా రాశానో లేదో, దాని ఒంటిమీదున్న మచ్చలన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి! పాపం, వాళ్ళేం చేస్తారు, బోనుకి సింహమని బోర్డు కట్టుకున్నారు!"

పక్కన టీ తాగుతున్న సెలూన్ బాబాయి మీసం దువ్వుకున్నాడు. "మందు రాశాక ఎండలో తిరగొద్దంటారుగా మీ డాక్టరు. చిరుతకెవరు చెప్పారయ్యా?"

"చెప్పడమేంటి బాబాయ్, వారం రోజులు గొడుగు పట్టింది నేనే!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అక్క నవ్వలేదు. అంతటి మందు ఈ ఆస్పత్రిలోనే ఉందా అని ఆమెకి ఆశ పుట్టింది. లేచి, నలుగురి ముందూ స్కార్ఫు విప్పేసి, చెంప అతని ముందుకి పెట్టింది.

"తమ్ముడూ, ఆ డబ్బాలోది నాకూ కాస్త రాయవూ?"

నవ్వులు ఆగిపోయాయి. కాంపౌండరు టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"డబ్బా లేదక్కా," అన్నాడు. "చిరుతా లేదు. కానీ నెలనెలా నీ చెంప పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసేది నేనే కదా. మొదటి ఫొటోలో మచ్చ ఆరు సెంటీమీటర్లు. పొద్దున తీసినదాంట్లో నాలుగే. రోజూ అద్దం చూసుకుంటావు కాబట్టి నీకు తెలియట్లేదు."

అక్క అతని ముఖంలోకి అనుమానంగా చూసింది. "ఇదీ కోతేనా?"

"కోతే అయితే రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగుతానా అక్కా!"

అక్క స్కార్ఫు మడిచి సంచిలో పెట్టుకుని, నాలుగో నెల మందు చీటీ రాయించుకోవడానికి ఆస్పత్రి వైపు రోడ్డు దాటింది.