రెండు సీసాల నీళ్ళు

ఒట్టావా, దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కనున్న చిన్న ఊరు. 1995 జూలై. సావీ వంటింటి బల్ల మీద నాలుగు కంపెనీల వాటర్ ఫిల్టర్ కాగితాలు పరిచి ఉన్నాయి. ఎదురుగా వాసుదేవరావు కూర్చున్నాడు. అతను కాకినాడ నుంచి వచ్చి ఏడాదైంది, చక్కెర మిల్లు ల్యాబ్‌లో నీళ్ళు పరీక్షించడం అతని పని.

"ఇదొద్దు. ఇదీ వొద్దు. ఈ బొమ్మ సూడు తమ్ముడూ. ఒక తెల్లపిల్ల, ఒక ఇండియన్ పిల్ల, ఒక నల్లపిల్ల, ముగ్గురూ గలాసులెత్తుకుని పళ్ళికిలిస్తన్నారు. పోయినేడు అందరం ఓటెయ్యకముందు ఇదే కంపెనీ కాయితంలో ముగ్గురూ తెల్లోళ్ళే. మిషను అదే, పళ్ళు మారేయి."

"అక్కా, ముందు నేను తెచ్చిన రిపోర్టు ఒకసారి..."

"ఉండు. మూడింటికి ఆ ఫిల్టర్లమ్మే డర్బన్ అబ్బి వస్తాడు, మెడకి టై కట్టుకుని. వోడొచ్చేలోగా ఏది మంచిదో సెప్పేయి. మా ఇవోన్ సింకు కింద పెట్టిచ్చిందే, దానికంటే పెద్దది కావాల."

"ఇవోన్ ఎవరు?"

"నా మొగుడి సెల్లెలు, స్టాంగర్లో ఉంటాది. సింకు కింద ఒక బుడ్డి పెట్టిచ్చుకుని మహారాణి అయిపోయింది. మా ఇంటికొస్తే గలాసు వాసన సూసి మరీ తాగుద్ది."

"ఆవిడది బొగ్గు ఫిల్టరు అయ్యుంటుంది. రంగూ వాసనా పోతాయి. సూక్ష్మజీవులు పోవు."

"సూక్ష... అదేటి, నీ పుస్తకం తెలుగూ నువ్వూ! పురుగులని సెప్పు."

"పురుగులు పోవు."

"పోవా? ఇంకోసారి సెప్పు."

"పోవు."

"హా! కడుపు సల్లబడింది. అది తెలీక ఊరంతా డప్పేసుకుంటంది, ఎర్రి మొకం. మరి ఈ లైటుది?"

"అది పురుగుల్ని చంపుతుంది. కానీ నీళ్ళు తేటగా ఉండాలి, ఏటేటా దీపం మార్చాలి."

"ఈ నాలుగోది, రివర్సు?"

"అది ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చెయ్యడానికి. మీకు ఒక బిందె ఇచ్చి మూడు బిందెలు కాలవలో పోస్తుంది."

"మా మావ సేతుల్తో తవ్విన బావి, మూడు బిందెలు కాలవకా? ఎవడు కనిపెట్టేడో గాని, జన్మలో ఒక్క సేద నీళ్ళు తోడి ఉండడు."

"అక్కా, ఆస్పత్రిలో మీ అమ్మాయి కిమంతకి ఎలా ఉంది?"

"డ్రిప్పు తీసేసేరు. పొద్దున రెండు సెంచాల పోరిడ్జి జావ తింది. రేపు పంపేస్తారంట. మూడు వారాలై ఇంటిల్లిపాదికీ కడుపు జారుడే గందా, నాకూ, మా ఆయన డొరసామికీ. మంగళారానికి పిల్ల కళ్ళు తేలేసింది. ఆరేళ్ళ పిల్ల. డాక్టరమ్మ నీళ్ళు మరగబెట్టి తాగండన్నాది, అప్పట్నుంచీ మరగబెడతన్నా."

"మంగళవారమే నన్ను పిలిచారు. ఆ రోజు నేను రెండు సీసాలు పట్టాను. ఒకటి ఈ వంటింటి కుళాయిలో, ఇంకోటి బయట బట్టలుతికే రాయి దగ్గర."

"ఆ ట్యాపెందుకని అప్పుడే అన్నా. అది మా వయొలెట్ తాగే ట్యాపు. పనిమనిషి ట్యాపుకి పరీక్షేటి, సదువుకున్నోడివి?"

"ఆ నీళ్ళలో ఒక్క పురుగు లేదక్కా."

"సీసాలు అటూ ఇటూ అయ్యుంటాయి."

"నేనే చీటీలు అంటించాను."

"ఇండియా సీటీలు! మీ ఊళ్ళో రైలుకే సరైన బోర్డుండదంట."

"మీ వంటింటి సీసాలో ఉన్నది కుళ్ళు. చచ్చినదో, పెంటో, ఏదో పడి కుళ్ళిన నీళ్ళు."

"నా వంటింట్లోనా? ఈ నేల మీద అన్నం వడ్డించుకు తినొచ్చు, తెలుసా?"

"నేల సంగతి కాదు. బావి ఒకటే. పంపు నుంచి బయట కుళాయికి నేరుగా వస్తాయి. ఇంట్లోకి మాత్రం పైన ట్యాంకులో పడి వస్తాయి. బావి శుభ్రం. చెడింది ట్యాంకు. దానికి మూత ఉందా?"

"ఉంటాది."

"ఉంటుందా, ఉందా?"

"ఏటి పోలీసోడిలాగ! పోయిన్నెల రగ్బీ ఫైనల్‌కి టీవీలో బొమ్మ రాలేదని డొరసామి పైకెక్కి ఏరియల్ తిప్పేడు. ఆ మూత మీద నిలబడ్డాడు. నూటపది కిలోల మడిసి."

"విరిగిందా?"

"సప్పుడైతే అయ్యింది."

"అక్కా!"

"బాగుసేస్తానన్నాడు. ఆయన బాగుసేస్తానన్నయ్యి ఇంట్లో ఇంకో పది ఉన్నాయి. గెలిచేమని ఈదంతా ఎగిరేడు గాని, మూత కోసం మళ్ళీ నిచ్చెనెక్కేడా?"

"సరే, ఫిల్టరొద్దు. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, మందు వేసి, కొత్త మూత పెట్టించండి. ఆ అబ్బాయికి రావద్దని ఫోన్ చెయ్యండి. అప్పటిదాకా బయట కుళాయి నీళ్ళే వాడండి. వయొలెట్‌ని పిలవండి, రెండు బిందెలు పట్టి..."

"లేదు."

"ఏమిటి లేదు?"

"వయొలెట్. ఎల్లిపోయింది."

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి, ఇంటికి. ఇప్పుడు రోజులు ఆ నల్లోళ్ళయి గందా. ఓటేసిన రోజు లైన్లో అది నా ముందర నిలబడింది, నేను దాని ఎనకాల. అప్పట్నుంచీ మాటకి మాట."

"తనే మానేసిందా?"

"మానేసిందనుకో."

"అనుకోవడమేంటక్కా?"

"పంపేసేను! అయితేటి? ఇంటిల్లిపాదీ మంచాన పడితే దానికి ఒక్క తుమ్ము రాలేదు. సేతులు కడగదు. అదే అంటించింది. గుళ్ళో అందరికీ అదే సెప్పేను."

"తనకి రాలేదంటే తను తాగింది మంచినీళ్ళు కాబట్టి."

"నీ రిపోర్టు నువ్వే సదువుకో."

"పోనీ, ఆమే అంటించిందనుకుందాం. ఆమె వెళ్ళిపోయింది కదా. ఇంక నీళ్ళకి ఫిల్టరెందుకు మీకు?"

"సెప్పేను గందా. ఇవోన్‌దాని కంటే పెద్దది కావాలని."

"అంతేనా?"

"అంతే."

"ఎన్నేళ్ళు చేసింది ఇక్కడ?"

"పంతొమ్మిది. కిమంతని ఈపుకి కట్టుకునే వంటంతా సేసేది. మొన్న ఆస్పత్రిలో జొరంలో పిల్ల కలవరించింది. నన్ను కాదు, దాన్ని. వయొలెట్ ఎవరు, తల్లా అని నర్సు నన్నే అడిగింది, సిగ్గులేని ముండ."

"నా కారుంది. లేవండి, ఇప్పుడే వెళ్ళి తీసుకొద్దాం. తప్పయిందని ఒక్క మాట చెప్పండి."

"రాదు."

"ఎందుకు రాదు? మీరు కావాలని చేశారా? తెలీక..."

"తెలీక కాదు తమ్ముడూ."

"అంటే?"

"శనారం ఇవోన్ వచ్చింది. మంచి కప్పులు దించి టీ ఇచ్చేను. అప్పుడు వయొలెట్ తడిసేతుల్తో లోపలికొచ్చి, ఇవోన్ ముందరే, 'అమ్మా, ఆ టీ తాగొద్దు. నేను నిచ్చెనెక్కి సూసేను, ట్యాంకులో కోతి సచ్చి ఉంది' అన్నాది. ఇవోన్ కప్పు కింద పెట్టేసింది. పెట్టి నవ్వింది. ఆ నవ్వు నువ్వు సూడలేదు. వయొలెట్ సంచి గేటు బయట పడేసి, ఎల్లిపొమ్మన్నా."

"శనివారం?"

"శనారం."

"మంగళవారం దాకా పిల్లకి అవే నీళ్ళు పట్టారా?"

"అవే."

"ఒక్కసారి పైకెక్కి చూస్తే సరిపోయేది కదక్కా! ఎందుకు చూడలేదు?"

"సూస్తే దాని మాట నిజమైపోద్ది కదా."