పక్కింటామె సాక్ష్యం

మధ్యాహ్నం వంటపని అయ్యాక, చంద్రాపూర్‌లో గని కార్మికుల క్వార్టర్ గడపలో కూర్చుని, మనవరాలు ఒక మరాఠీ పుస్తకాన్ని బాపమ్మకు తెలుగులో చదివి చెబుతోంది. నలభై ఏళ్ల కిందట ఇదే వరుసలో జరిగిన పోశవ్వ హత్య మీద రాసిన పుస్తకం అది.

“ఆగినవేందే? చదువు.”

“పక్కింటామె గురించి రాసిండ్రు బాపమ్మా.”

“పక్కింటామెను నేనే గదా. ఏం రాసిండ్రు?”

మనవరాలు ఆ వాక్యాన్ని మళ్లీ చూసుకుంది. మార్చి చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు.

“నాకేం ఇనబడలేదని పోలీసులకు చెప్పినవట. సాక్ష్యం లేదని పోశవ్వ మొగుణ్ణి ఇడిచిపెట్టిండ్రట.”

“ఇనబడలేదన్ననా? పోశవ్వ ఒర్రుడు, తలుపు గుద్దుడు, అన్నీ చెప్పిన! నేను చెప్పినంక గూడ వాణ్ణి ఎట్ల ఇడిచిండ్రో అని ఇన్నేండ్ల సంది అనుకుంటనే ఉన్న.”

“మరాఠీల చెప్పినవా?”

“అప్పుడు నాకు మరాఠీ యాడొచ్చు? కొత్తగ అచ్చినం. నేను తెలుగుల చెప్తుంటే మేస్త్రీ వాళ్లకు మరాఠీల చెప్పిండు.”

“ఏ మేస్త్రీ?”

“పోశవ్వ మొగని దోస్తు. మన భాషోడే గదా అని నమ్మిన. కాయితం మీద ఏలిముద్ర ఏసి అచ్చిన.”

మనవరాలు పుస్తకం మూయబోయింది.

“ముయ్యకు. పెన్ను తే. ఈమెకు ఇనబడ్డదని ఆ పక్కన రాయి. మరాఠీలనే రాయి.”

“లైబ్రరీ పుస్తకం బాపమ్మా, దీంట్ల రాయొద్దు.”

“నా ఏలిముద్ర మీద రాసినప్పుడు ఎవ్వలన్న వద్దన్నరా?”